సూపు గిన్నెకి నాలుగో ఏడు

సెప్టెంబరు రెండో శనివారం ఉదయం, పదిన్నర దాటాక, ఇర్మ్‌గార్ట్ హ్యుర్టర్ తన ఓపెల్ జీటీ కారును జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పాత రేసు ట్రాక్ మీద కారుసెల్ మలుపు దాటగానే గడ్డి మీదికి దించి ఆపింది. అక్కడ కార్లకి జెండాలతో సైగ చేసే జెండా మనుషులకు ఆలుబుఖారా కేకు పెట్టింది. కారులో పక్క సీట్లో ఆమె భర్త ఎవాల్డ్ ఉన్నాడు. కేకు పెట్టె అతని ఒళ్ళో ఉంది. ఆ రౌండుకి టైము లెక్కపెడుతున్నారని ఇద్దరికీ తెలియదు.

ఆ పోటీలో వేగానికి బహుమతి లేదు. పాత స్పోర్ట్స్ కార్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరి రెండు రౌండ్లు తిరుగుతాయి. మొదటి రౌండుకి ఎంతసేపు పట్టిందో రెండో రౌండుకీ అంతే పట్టాలి. తేడా ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. గడియారాలు ఉండకూడదు. బయల్దేరే ముందు అందరూ వాచీలు, ఫోన్లు తీసి ఒక పింగాణీ సూపు గిన్నెలో వేస్తారు. కారులో గడియారం ఉంటే టైము చూసే నోస్‌బ్యుష్ గారు దానిమీద స్వయంగా టేపు అంటిస్తారు.

పోటీలో ఇచ్చే కప్పు కూడా ఆ సూపు గిన్నే. 1958లో ఈ పోటీ నడిపే సంఘం పెట్టినప్పుడు కప్పు లేదు. సంఘం పెట్టిన పెద్దమనిషి ఇంటికి వెళ్ళి వంటింట్లోంచి గిన్నె పట్టుకొచ్చాడు. భార్యని అడగలేదు. ఆ ఆదివారం ఆవిడ సూపు బకెట్లో వడ్డించింది. వాళ్ళకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ఇర్మ్‌గార్ట్, చిన్నది రోజ్‌విటా.

గెలిచినవాళ్ళు గిన్నెని ఏడాది పాటు ఇంట్లో ఉంచుకుంటారు. వరసగా నాలుగేళ్ళు గెలిస్తే ఇక తిరిగివ్వక్కర్లేదు. రోజ్‌విటా మూడేళ్ళు గెలిచింది. ఇది నాలుగో ఏడు.

మొన్న క్రిస్మస్‌కి చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఇర్మ్‌గార్ట్ గిన్నె మూత తీసి చూసింది. లోపల టీవీ రిమోట్, దగ్గు బిళ్ళలు ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమె ఒక్కటే మాట మాట్లాడింది.

"అమ్మ గిన్నె ఎవాల్డ్, అది. సూపుకి పుట్టింది."

ఎవాల్డ్‌కి అప్పుడే అర్థమైంది, ఈ సెప్టెంబరు దాకా తనకి మనశ్శాంతి ఉండదని.

జెండా మనుషులకు కేకు పెట్టడం ఇర్మ్‌గార్ట్‌కి ఏటా ఉన్న అలవాటే. ముందొక వార్మప్ రౌండు ఉండేది, దానికి టైము లెక్క ఉండదు, అందులో ఆగి పెట్టేది. ఈ ఏడు మధ్యాహ్నం వాన పడుతుందన్నారని వార్మప్ రౌండు తీసేశారు. ఆ సంగతి పొద్దున సమావేశంలో నోస్‌బ్యుష్ గారు చెప్పారు. సమావేశానికి వెళ్ళింది ఎవాల్డ్. ఇర్మ్‌గార్ట్ అప్పుడు కారు దగ్గర మీగడ గిలక్కొడుతోంది. ఎవాల్డ్ సంతకం పెట్టాడు, కుర్చీలో కూర్చున్నాడు, కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతలో పెట్టె మీద కందిరీగ వాలింది. పెట్టెతో సహా బయటికి నడిచాడు. తిరిగొచ్చేసరికి అందరూ లేచి వెళ్తున్నారు.

కారుసెల్ దగ్గర జెండా పట్టుకునేది విల్లిబెర్ట్. ఇర్మ్‌గార్ట్‌తో కలిసి బళ్ళో చదువుకున్నాడు. అతనితో ఇంకో కుర్రాడు ఉన్నాడు.

"ఆగావా! ఈ ఏడు ఆగవేమో అనుకున్నా," అన్నాడు.

"ఎందుకాగను? ఎప్పుడైనా నీకు పెట్టకుండా పోయానా? పళ్ళేలు తే."

పళ్ళేలు వచ్చాయి. ఎవాల్డ్ కేకు కోశాడు. విల్లిబెర్ట్ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "మోకాలెలా ఉంది?" అని అడిగాడు.

"ఎడమదా, కుడిదా?"

"రెండూ చెప్పు."

"ఎడమ మోకాలికి మెట్లెక్కమన్నాడు డాక్టరు. కుడి మోకాలికి ఎక్కొద్దన్నాడు."

"మరేం చేస్తున్నావ్?"

"సగం దాకా ఎక్కి దిగొస్తున్నా."

అప్పుడే మీగడ మీద కందిరీగ వాలింది. పొద్దుటిదో వేరేదో చెప్పలేం. ఎవాల్డ్ మ్యాపు మడిచి కొట్టాడు. కందిరీగకి తగల్లేదు. విల్లిబెర్ట్ చెవికి తగిలింది.

"నన్నెందుకయ్యా కొడతావ్?"

"నిన్ను కాదు."

"తగిలింది నాకే కదా!"

విల్లిబెర్ట్ రెండో ముక్క తీసుకుంటుండగా రోజ్‌విటా పసుపు పోర్షే పక్కనించి వెళ్ళింది. హారన్ కొట్టింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది, నవ్వింది. పక్కన ఆమె భర్త డెట్లెఫ్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. డెట్లెఫ్ మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ.

"చూడు, వార్మప్‌లో కూడా ఆ తొందర," అంది ఇర్మ్‌గార్ట్. "దాని పెళ్ళికి కూడా ఇలాగే పరిగెత్తుకుంటూ వచ్చింది."

"పెళ్ళికి ఆలస్యంగా వచ్చింది కదా," అన్నాడు ఎవాల్డ్.

"ఆలస్యంగానే, పరిగెత్తుకుంటూ."

విల్లిబెర్ట్ ఆమె వైపు చూశాడు. వార్మప్ అనే మాట అతనికి వినపడింది. నోట్లో కేకు ఉంది. తెలిసే ఆగిందనుకున్నాడు. కేకు పెడుతున్న మనిషిని ఎందుకు పెడుతున్నావని అడగడం బాగుండదని తర్వాత అతనే చెప్పాడు.

ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతూ ఇర్మ్‌గార్ట్ ఆగింది.

"ఇంట్లో కాఫీ మెషిన్ కట్టేశావా?"

"కట్టేశాననుకుంటా."

"అనుకుంటావా, కట్టేశావా?"

"కట్టేశానన్నాగా."

"అనుకుంటా అన్నావ్. ఇద్దరు సాక్షులున్నారు."

ఒక ఎర్ర ఆల్ఫా కారు వెళ్ళింది. దాని కిటికీలోంచి పొట్టి కాళ్ళ కుక్క ఒకటి తల బయటికి పెట్టి ఉంది. చెవులు వెనక్కి ఎగురుతున్నాయి. కుక్క వీళ్ళని చూసింది, వీళ్ళూ కుక్కని చూశారు.

"గిన్నె మీద ఒట్టెయ్యి," అంది ఇర్మ్‌గార్ట్.

"అమ్మ సూపు గిన్నె మీద ఒట్టు. కట్టేశాను," అన్నాడు ఎవాల్డ్. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అతనికి గుర్తున్నది కేకు పెట్టె ఒక్కటే.

ఇర్మ్‌గార్ట్ మిగిలిన కేకు పెట్టెతో సహా విల్లిబెర్ట్ చేతిలో పెట్టి కారు తీసింది.

మొదటి రౌండు అయ్యాక కార్లన్నీ పాత షెడ్ల దగ్గర ఆగాలి. అక్కణ్ణించి అదే వరసలో, అదే ఎడంతో రెండో రౌండుకి వదులుతారు. నోస్‌బ్యుష్ గారు అట్ట పట్టుకుని కారు దగ్గరికి వచ్చారు.

"మీ మొదటి రౌండు రాసుకున్నామండీ. మా సంఘంలో ఇంత పొడుగు రౌండు ఇప్పటిదాకా లేదు."

"అది వార్మప్ కదండీ," అన్నాడు ఎవాల్డ్.

"వార్మప్ తీసేశామని పొద్దున చెప్పాను. మీరు సంతకం కూడా పెట్టారు."

"కందిరీగ వచ్చిందండీ."

"కందిరీగ సంతకం పెట్టలేదండీ. మీరు పెట్టారు."

ఇర్మ్‌గార్ట్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ముందుకి చూస్తోంది. రోజ్‌విటా తన కారు దిగి వచ్చింది.

"అక్కా, కేకు బాగా కుదిరిందా? ఏం బావా, రెండో రౌండులో ఏం పెడుతున్నారు? భోజనమా? భోజనమైతే నేను కూడా ఆగుతా."

"నీ కారు దగ్గరికి పో రోజీ," అంది ఇర్మ్‌గార్ట్.

"పోతున్నా పోతున్నా. గిన్నె పెట్టడానికి గోడకి అలమారా కొట్టించా. చూడ్డానికి రా, తాళం నా దగ్గరే ఉంటుంది."

రోజ్‌విటా వెళ్ళాక ఇర్మ్‌గార్ట్ భర్త వైపు తిరిగింది. ఎవాల్డ్ తిట్లకి సిద్ధమయ్యాడు. తిట్లు రాలేదు. దాంతో ఇంకా భయమేసింది.

"అక్కడ ఎంతసేపాగాం?" అంది.

"తెలీదు. వాచీ గిన్నెలో ఉంది."

"అంచనాగా చెప్పు."

"పది నిమిషాలు."

"అయిదు కూడా కాదు."

"మోకాలొక్కటే అయిదు నిమిషాలు."

ఇర్మ్‌గార్ట్ ఏదో అనబోయింది. ఎవాల్డ్ చెయ్యెత్తాడు. అతనికి ఒక ఆలోచన వచ్చింది. పెళ్ళయ్యాక ఆమె మాటకి అడ్డం వెళ్ళడం అదే మొదటిసారని అతను తర్వాత విల్లిబెర్ట్‌కి చెప్పాడు.

"ఎంతసేపో మనకెందుకు? పొద్దున ఏం చేశామో అదే మళ్ళీ చేద్దాం. అన్నీ. మోకాలుతో సహా."

"మళ్ళీ ఆగాలా?"

"ఆగాలి. అవే మాటలు మాట్లాడాలి. పైగా మనకో గడియారం కూడా ఉంది. ఆ కుక్క. ఆ కారాయన కూడా మొదటి రౌండులాగే రెండోది నడుపుతాడు కదా? కుక్క వెళ్ళాక ఒట్టేశాను, ఒట్టేశాక బయల్దేరాం. ఈసారీ అంతే."

ఇర్మ్‌గార్ట్ స్టీరింగ్ మీంచి చేతులు తీసింది.

"కారణం లేకుండా ఆగితే పోటీలోంచి తీసేస్తారు."

"జెండా వాళ్ళకి తిండి పెట్టడానికి ఆగొచ్చు. మీ నాన్న పెట్టిన నిబంధనే."

అది నిజమే. జెండా మనుషులకి తిండి పంపే బండి లేని రోజుల్లో ఆ నిబంధన పెట్టారు. తర్వాత బండి వచ్చింది. నిబంధనని ఎవరూ కొట్టెయ్యలేదు.

"తిండేది?" అంది ఇర్మ్‌గార్ట్. "కేకంతా వాడికే ఇచ్చేశాగా."

సాసేజ్ బండి దగ్గర వరస షెడ్డు చివరి దాకా ఉంది. ఎవాల్డ్ అటు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. పసుపు పోర్షే పక్కన మడత కుర్చీలో డెట్లెఫ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర మూత పెట్టిన పెద్ద డబ్బా. అందులో సాయంత్రం విందుకి రోజ్‌విటా చేసిన బంగాళాదుంప సలాడ్ ఉంది. డబ్బా మీద టేపు అంటించి పేరు రాసుకుంది. రోజ్‌విటా అప్పుడు నోస్‌బ్యుష్ గారి దగ్గర ఉంది.

ఎవాల్డ్ విషయం చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు. డెట్లెఫ్ విన్నాడు. డబ్బా ఎత్తి ఎవాల్డ్ చేతుల్లో పెట్టాడు. వెతికి గరిటె కూడా ఇచ్చాడు.

"ఆ సూపు గిన్నె ప్రతి శనివారం తోమేది నేనే," అన్నాడు డెట్లెఫ్.

రెండో రౌండు మొదలైంది. కారు పల్లంలోకి దిగింది. సలాడ్ డబ్బా ఎవాల్డ్ ఒళ్ళో ఉంది.

"ఇక్కడ పొద్దున ఏ గేరు?" అంది ఇర్మ్‌గార్ట్.

"మూడు. తర్వాత ఆ వంతెన కింద నేను తుమ్మాను."

"అయితే తుమ్ము."

"తుమ్ము రావట్లేదు ఇర్మా."

"నువ్వు తుమ్మినప్పుడు నేను ఉలిక్కిపడి బ్రేకు మీద కాలేశా. తుమ్ము!"

ఎవాల్డ్ తుమ్మినట్టు చేశాడు. ఇర్మ్‌గార్ట్ బ్రేకు మీద కాలేసింది. డబ్బా ముందుకి జరిగింది, పట్టుకున్నాడు.

నక్కల బోను అని పిలిచే ఇరుకు పల్లంలో చెట్లు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. దిగినంత వేగంగానూ కారు ఎక్కింది. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు ఎవాల్డ్ కడుపు ఒక చోట, సలాడ్ ఒక చోట, మిగతా మనిషి ఒక చోట ఉన్నట్టు అనిపించింది.

"ఇక్కడ నేను మీ అన్న గురించి ఒక మాటన్నాను," అంది ఇర్మ్‌గార్ట్.

"అన్నావ్. మళ్ళీ అనక్కర్లేదు."

"అనాలి. అంటూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కా."

"ఊరికే తొక్కెయ్యి."

"ఊరికే రాదు. మీ అన్న పిసినారి, పెళ్ళికి కత్తెర బహుమతిగా ఇచ్చాడు, అదీ మొండిది!"

కారు ముందుకి దూకింది. ఎవాల్డ్ పొద్దున ఏమన్నాడో గుర్తు తెచ్చుకుని, "దానికి మూడేళ్ళ వారంటీ ఉంది," అన్నాడు.

కారుసెల్‌లో ఎడమ చక్రాలు వాలు కాంక్రీటులోకి దిగాయి. పలకల అతుకులు ఒక్కొక్కటీ సీటు కిందనించి వచ్చి పళ్ళకి తగిలాయి. మలుపు దాటగానే ఇర్మ్‌గార్ట్ గడ్డి మీదికి దించింది. విల్లిబెర్ట్ నోరు తెరిచాడు.

"మళ్ళీ ఎందుకాగావ్?"

"అది కాదు నువ్వు పొద్దున అన్నది! ఈ ఏడు ఆగవేమో అన్నావ్, అదను!"

"పొద్దున అన్నాగా."

"మళ్ళీ అనవయ్యా, నీ పుణ్యముంటుంది," అన్నాడు ఎవాల్డ్.

"ఈ ఏడు ఆగవేమో అనుకున్నా," అన్నాడు విల్లిబెర్ట్ అనుమానంగా.

"ఎందుకాగను? ఎప్పుడైనా నీకు పెట్టకుండా పోయానా? పళ్ళేలు తే."

ఎవాల్డ్ సలాడ్ వడ్డించాడు. విల్లిబెర్ట్ తిని ఆగాడు.

"ఇర్మా, ఇది నీ చెయ్యి కాదు. ఆవముద్ద ఎక్కువైంది."

"మోకాలు గురించడుగు!"

"మోకాలికేమైంది? పొద్దుట్నించి ఇంతలో ఏమైంది?"

"ఎడమదా, కుడిదా అని నన్నడగనియ్యి!"

ఈ గందరగోళంలో పోయిన సేపు రాబట్టడానికి ఇర్మ్‌గార్ట్ మోకాలి కథ త్వరగా చెప్పింది. డాక్టరు ఎడమ కాలికి ఎక్కమన్నాడు, కుడి కాలికి వద్దన్నాడు, సగం దాకా ఎక్కి దిగుతోంది. ఎవాల్డ్ మ్యాపు మడిచాడు. కందిరీగ రాలేదు. ఎవాల్డ్ గాల్లోకి కొట్టాడు. విల్లిబెర్ట్ చెవికి తగిలింది.

"ఈసారి కందిరీగ కూడా లేదు కదయ్యా!"

"పొద్దున ఉంది."

"పొద్దున ఉంటే పొద్దున కొట్టు!"

పసుపు పోర్షే మలుపులోంచి పైకి వచ్చింది. రోజ్‌విటా ముందు నవ్వింది, హారన్ కొట్టింది, చెయ్యి ఊపింది. అప్పుడు డబ్బా కనిపించింది. డబ్బా మీద తన పేరు కనిపించింది. పోర్షే టైర్లు అరిచాయి. కారు దాదాపు ఆగిపోయింది.

"అది నా సలాడ్!" అని రోజ్‌విటా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "అక్కా! దొంగా! బావా! అది సాయంత్రానికి!"

విల్లిబెర్ట్ ఏం చెయ్యాలో తెలియక గరిటె ఎత్తి చూపించాడు.

"తినకు! విల్లిబెర్ట్, నువ్వు దాన్ని ముట్టుకోకు!"

"నడుపు," అన్నాడు డెట్లెఫ్, ముందుకి చూస్తూ.

రోజ్‌విటా అతని వైపు తిరిగి ఏదో అంది. మాటలు వినపడలేదు, చేతులు కనిపించాయి. తర్వాత పోర్షే వెళ్ళింది.

"నాన్న నిబంధన పెట్టినప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు," అంది ఇర్మ్‌గార్ట్. వెంటనే నాలిక్కరుచుకుంది. ఆ మాట పొద్దున లేదు. "పెళ్ళికి కూడా ఇలాగే పరిగెత్తుకుంటూ వచ్చింది."

"ఆలస్యంగా వచ్చింది కదా."

"ఆలస్యంగానే, పరిగెత్తుకుంటూ. కాఫీ మెషిన్ కట్టేశావా?"

"కట్టేశాననుకుంటా."

"అనుకుంటావా, కట్టేశావా?"

"కట్టేశానన్నాగా."

"అనుకుంటా అన్నావ్. ఇద్దరు సాక్షులున్నారు."

ఇప్పుడు కుక్క రావాలి. ఎవాల్డ్ మలుపు వైపు చూశాడు. కుక్క రాలేదు. రోజ్‌విటా బ్రేకు వేసినప్పుడు వెనక ఎవరెవరు ఇరుక్కున్నారో అతనికి అప్పుడు తట్టింది.

"ఇర్మా, గడియారం ఆగిపోయింది. కుక్క వెనకపడింది."

"వదిలెయ్ కుక్కని. గిన్నె మీద ఒట్టెయ్యి."

ఎవాల్డ్ నోరు తెరిచాడు. పొద్దుట్నించి ఆ వంటిల్లు అతని కళ్ళ ముందు తిరుగుతోంది. బల్ల, కేకు పెట్టె, తలుపు. మెషిన్ దగ్గరికి తను వెళ్ళిన జ్ఞాపకం ఎంత వెతికినా దొరకలేదు. ఏమో, తెలీదు అన్నాడా, ఇర్మ్‌గార్ట్ ఇంజిను కట్టేసి మాట్లాడుతుంది. ఆ మాటలు వాన వచ్చేదాకా సాగుతాయి. ఆమె చెయ్యి తాళం మీద ఉంది.

"అమ్మ సూపు గిన్నె మీద ఒట్టు," అన్నాడు. "కట్టేశాను."

పొద్దున ఎంత వేగంగా అన్నాడో అంతే వేగంగా అన్నాడు.

ఇర్మ్‌గార్ట్ సలాడ్ డబ్బా విల్లిబెర్ట్ చేతిలో పెట్టి కారు తీసింది. గడ్డి దిగి రోడ్డెక్కాక ఎవాల్డ్ అద్దంలో చూశాడు. ఎర్ర కారు అప్పుడు వస్తోంది. కుక్క తల బయటే ఉంది.

వాన మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. ఫలితాలు షెడ్డు లోపల చదివారు. నోస్‌బ్యుష్ గారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. ఇర్మ్‌గార్ట్ రెండు రౌండ్ల తేడా ఒకటి పాయింటు నాలుగు సెకన్లు. రోజ్‌విటా తేడా పదకొండు సెకన్లు. ఎర్ర ఆల్ఫా మూడో స్థానంలో ఉంది.

"ఇది చెల్లదు!" అని రోజ్‌విటా లేచింది. "నా సలాడ్ దొంగిలించి గెలిచారు!"

"నిబంధనల్లో సలాడ్ గురించి లేదమ్మా," అన్నారు నోస్‌బ్యుష్ గారు. "తిండి పెట్టడానికి ఆగొచ్చని ఉంది. తిండి ఎవరిదై ఉండాలో లేదు. అయినా దొంగతనమంటే అడగకుండా తీసుకోవాలి. దీన్ని ఎవరిచ్చారు?"

డెట్లెఫ్ చెయ్యెత్తాడు.

రోజ్‌విటా కూర్చుంది.

గిన్నెలోంచి వాచీలు, ఫోన్లు తీసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు. గిన్నెని డెట్లెఫ్ తనే మోసుకెళ్ళి ఓపెల్‌లో పెట్టాడు. మూత జారకుండా తన మఫ్లరు చుట్టి కట్టాడు. కారు బయల్దేరబోతుంటే రోజ్‌విటా గొడుగు పట్టుకుని వచ్చి కిటికీ మీద కొట్టింది.

"నా డబ్బా ఏది అక్కా?"

"విల్లిబెర్ట్ దగ్గరుంది. కడిగిస్తాడు."

"వాడేమన్నాడు? సలాడ్ గురించి?"

ఇర్మ్‌గార్ట్ ఎవాల్డ్ వైపు చూసింది. ఎవాల్డ్ మ్యాపు వైపు చూశాడు.

"రెండోసారి వడ్డించుకున్నాడు," అంది ఇర్మ్‌గార్ట్.

"చూశావా మరి," అంది రోజ్‌విటా. "వచ్చే ఏడు చెప్తా నీ పని."

"వచ్చే ఏడు దాకా ఎందుకు? రేపు మధ్యాహ్నం రా. దీంట్లో సూపు పోస్తా. డెట్లెఫ్‌ని తీసుకురా."

"ఎన్నింటికి?"

"నువ్వెప్పుడూ వచ్చేటప్పుడే. పరిగెత్తుకుంటూ రా."

వాళ్ళు ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. గిన్నె ఎవాల్డ్ ఒళ్ళో వచ్చింది. తలుపు తాళం తీసింది ఇర్మ్‌గార్ట్. గిన్నెని అతని చేతుల్లోంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళి బల్ల మీద పెట్టింది, మఫ్లరు విప్పింది. ఎవాల్డ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

కాఫీ మెషిన్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది.